చెట్టు కింద దొరికిన పిల్ల: నల్లజాతి ఒపెరా 'ట్రీమోనిషా' మనకెందుకు?

1975 మే నెల. అమెరికాలో టెక్సస్ రాష్ట్రం, హ్యూస్టన్ నగరం. ఊరి పార్కులోని ఆరుబయలు రంగస్థలం మీద హ్యూస్టన్ గ్రాండ్ ఒపెరా అనే ప్రాంతీయ సంస్థ ఒక సంగీత నాటకం ఆడింది. చూడటానికి టికెట్ లేదు. వేదిక మీద పాడుతున్నది నల్లజాతి కళాకారులు. కథలో ఒక చెట్టు ఉంది, దాని కింద దొరికిన పసిపాప ఉంది. అడవిలో మంత్రాల మూటలు అమ్ముకునే మోసగాళ్లు, చిందులేసే ఎలుగుబంట్లు, దిష్టిబొమ్మ వేషం వేసుకుని వచ్చి అమ్మాయిని కాపాడే ఒక కుర్రాడు ఉన్నారు. ఐదేళ్ల పిల్లకైనా అర్థమయ్యే జానపద కథ.

ఆ నాటకం పేరు 'ట్రీమోనిషా'. రాసింది స్కాట్ జాప్లిన్. మాటలు, పాటలు, సంగీతం అన్నీ ఆయనవే. ఆ రోజుకి ఆయన చనిపోయి 58 ఏళ్లు. తన ఒపెరాను దుస్తులతో, దీపాలతో, వాద్య బృందంతో పూర్తిగా ఆడించుకోవాలని బతికి ఉన్నన్నాళ్లూ తపించి, అది చూడకుండానే పోయాడు.

అమెరికా ఒపెరా గురించి మనకెందుకు అని అడగొచ్చు. బానిసత్వం నుంచి బయటపడిన ఒక జాతి తన పిల్లలకు తన కథ తానే చెప్పుకోవాలనుకుంటే ఏం జరుగుతుందో ఇందులో ఉంది. చదువుకున్న మొదటి తరం బిడ్డ తన వాడకు ఏం బాకీ ఉంటుంది? మన లోపాలను మనమే వేదిక మీద చూపించుకోవచ్చా? మనవాడే మనకు అన్యాయం చేస్తే ఏం చేయాలి? దళిత ఉద్యమంలో తిరిగే వాళ్లకు, హాస్టళ్లలో ఉండి చదువుకునే వాళ్లకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

ఒపెరా అంటే భయపడాల్సిన పనిలేదు

కథ మొత్తాన్ని పాటలో నడిపించే నాటకాన్ని ఒపెరా అంటారు. పాత్రలు పాడుతూనే మాట్లాడుకుంటాయి, పాడుతూనే పోట్లాడుకుంటాయి. చిందు యక్షగానం చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. రాత్రంతా సాగే ఆటలో పాట, దరువు, అడుగు, వేషం అన్నీ కలిసి కథను మోసుకుపోవడం మన వాడల్లో తరతరాలుగా ఉన్నదే. తేడా ఒక్కటే. యూరప్‌లో ఈ కళ రాజాస్థానాల్లో పెరిగి, తర్వాత డబ్బున్నవాళ్ల నాటకశాలల్లోకి చేరింది. మన దగ్గర చిందు కళ అంటరానివాళ్లుగా వెలేసిన వాళ్ల కాళ్ల మీద బతికింది.

అమెరికాలో ఒపెరా చాలాకాలం తెల్లవాళ్ల సొత్తు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపెరా వేదిక మీద మరియన్ ఆండర్సన్ అనే నల్లజాతి గాయని మొదటిసారి ఒక ప్రధాన పాత్ర పాడింది 1955 జనవరిలో. అంటే ఆ సంస్థ పుట్టిన 70 ఏళ్లకు పైగా గడిచాక. అలాంటి కళలో, అంతకు 44 ఏళ్ల ముందే, 1911లో, ఒక నల్లజాతి సంగీతకారుడు ఒపెరా రాసి సొంత డబ్బుతో అచ్చు వేయించాడు. 230 పేజీల పుస్తకం. అచ్చు వేసేవాళ్లు దొరక్కపోతే తానే ప్రచురణకర్త అయ్యాడు.

కథ ఇది

కాలం 1884 సెప్టెంబర్. చోటు ఆర్కన్సా రాష్ట్రంలో టెక్సార్కానా పట్నానికి దగ్గర, చుట్టూ అడవి ఉన్న ఒక తోట. అమెరికా అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం రద్దయి దాదాపు 20 ఏళ్లు. తోట యజమాని అయిన తెల్లదొర ఎప్పుడో వెళ్లిపోయాడు. నెడ్, మోనిషా అనే నల్లజాతి దంపతులు అక్కడ ఉంటున్నారు. వాళ్లకు పిల్లల్లేరు. 1866లో ఒకనాడు ఇంటి ముందున్న చెట్టు కింద వాళ్లకు ఒక పసిపాప దొరికింది. ఆ పాపకు మోనిషా తన పేరే పెట్టుకుంది. పాప కాస్త పెద్దదయ్యాక ఎప్పుడూ ఆ చెట్టు కిందే ఆడుకోవడం చూసి, పేరు ముందు ఇంగ్లీషులో చెట్టుకున్న మాట 'ట్రీ' చేర్చింది. అలా ట్రీమోనిషా అయింది.

చుట్టుపక్కల బడి లేదు. పాపకు ఏడేళ్లు వచ్చాక తల్లిదండ్రులు ఒక తెల్ల ఆమె దగ్గరికి వెళ్లి ఒప్పందం చేసుకున్నారు. మోనిషా వాళ్ల బట్టలు ఉతికి ఇస్త్రీ చేస్తుంది, నెడ్ కట్టెలు కొడతాడు. దానికి బదులు ఆమె పాపకు చదువు చెప్పాలి. కూలి డబ్బు అక్కర్లేదు, అక్షరం కావాలి. ఈ ముక్క దగ్గర మనలో చాలామందికి సొంత అమ్మానాన్నలు గుర్తొస్తారు.

నాటకం మొదలయ్యేసరికి ట్రీమోనిషాకు 18 ఏళ్లు. ఆ వాడ మొత్తంలో చదువు వచ్చింది ఆమెకే. జాడ్జెట్రిక్ అనే మంత్రగాడు వచ్చి, అదృష్టం తెచ్చే మూట అంటూ మోనిషాకు ఒక సంచి అంటగట్టబోతాడు. ట్రీమోనిషా అడ్డుపడుతుంది. ఆమె దగ్గర చదువు నేర్చుకున్న రీమస్ కూడా ఆ మోసగాడిని నిలదీస్తాడు. వాడు పగ పెట్టుకుని పోతాడు.

మొక్కజొన్న పొట్టు తీసేవాళ్లు వస్తారు, గుండ్రంగా చేరి ఆడతారు. అందరి తలల మీదా ఆకుల దండలు చూసి తనకూ ఒకటి కావాలని ట్రీమోనిషా ఇంటి ముందున్న చెట్టు ఆకులు కోయబోతుంది. మోనిషా ఆపుతుంది. ఆ చెట్టును ముట్టుకోవద్దు, నువ్వు మాకు దొరికింది దాని కిందే అని అప్పుడే, ఆ అందరి ముందే, నిజం చెబుతుంది. తాను వీళ్లకు పుట్టలేదని ఆ అమ్మాయికి అంతవరకూ తెలియదు. ఆ తర్వాత వేరే ఆకుల కోసం స్నేహితురాలు లూసీతో అడవికి వెళ్లినప్పుడు మంత్రగాళ్లు ఆమెను ఎత్తుకుపోతారు.

రెండో అంకం అడవిలో. మంత్రగాళ్లు తమ మూఢనమ్మకాలన్నీ ఏకరువు పెడతారు. ఎలుగుబంట్లు ఆడతాయి. మా వ్యాపారం చెడగొట్టావు కాబట్టి నీకిదే శిక్ష అంటూ ఆమెను పెద్ద కందిరీగల తుట్టెలోకి తోయబోతారు. ఆ సమయానికి రీమస్ దిష్టిబొమ్మ వేషంలో వస్తాడు. దెయ్యాల పేరు చెప్పి జనాన్ని భయపెట్టేవాళ్లు దెయ్యమనుకుని పారిపోతారు. పిల్లలు కిలకిలా నవ్వే ఘట్టం ఇది. తిరుగుదారిలో పత్తి ఏరే కూలీలు కనిపిస్తారు. పని దిగమని కొమ్ముబూర మోగుతుంది. ఆ క్షణాన కూలీలు పాడే పాట ఈ ఒపెరాలో అందరికీ గుర్తుండిపోయే పాటల్లో ఒకటి.

మూడో అంకంలో ఆమె ఇల్లు చేరుతుంది. వాడవాళ్లు ఇద్దరు మంత్రగాళ్లను పట్టుకొస్తారు. కొట్టండి అంటారు. ట్రీమోనిషా వద్దంటుంది, బుద్ధి చెప్పి వదిలేయమంటుంది. అందరూ కలిసి నువ్వే మాకు నాయకత్వం వహించు అని ఆమెను కోరతారు. ఆడవాళ్లు నా మాట వింటారు, మరి మగవాళ్లు వింటారా అని ఆమె అడుగుతుంది. మగవాళ్లు వింటామంటారు. నెమ్మదిగా, ఒక్కో అడుగూ ముందుకు వేసే నాట్యంతో నాటకం ముగుస్తుంది. అందులో రాకుమారుడు రాడు, పెళ్లి జరగదు, సింహాసనం దొరకదు. చదువుకున్న అమ్మాయిని జనం నాయకురాలిగా ఎన్నుకోవడమే ముగింపు.

రాసినవాడి జీవితం

జాప్లిన్ 1868 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి ఒకప్పటి బానిస. తల్లి తెల్లవాళ్ల ఇళ్లలో పాచిపని చేసేది. ఆమె పని చేసుకుంటుంటే ఆ ఇంట్లో ఉన్న పియానో మీద పిల్లవాడు వేళ్లు ఆడించేవాడని అతని జీవితచరిత్రల్లో ఉంది. కుటుంబం ఉన్నది టెక్సార్కానాలోనే. అక్కడ జర్మనీ నుంచి వచ్చిన యూలియస్ వైస్ అనే యూదు సంగీత ఉపాధ్యాయుడు ఆ పిల్లవాడి ప్రతిభ చూసి డబ్బు తీసుకోకుండా పాఠం చెప్పాడు. ట్రీమోనిషాకు చదువు దొరికిన తీరు ఎక్కడి నుంచి వచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

1899లో జాప్లిన్ 'మేపుల్ లీఫ్ రాగ్' అచ్చయింది. రాగ్‌టైమ్ అనే సంగీతానికి అది గుర్తింపు తెచ్చింది. ఎడమ చేయి నిలకడగా తాళం వేస్తుంటే కుడి చేయి ఆ తాళాన్ని తప్పించుకుంటూ ముందుకూ వెనక్కూ దూకే పద్ధతి అది. నల్లజాతి వాడల్లో, సారా దుకాణాల్లో పుట్టిన సంగీతం. పెద్దమనుషులు దాన్ని అల్లరి సంగీతమనేవారు. మన డప్పును చావుకు, జాతరకు పిలిచి, కచేరీ సభల గుమ్మం బయట నిలబెట్టినట్టే.

జాప్లిన్ ఆ మాటను ఒప్పుకోలేదు. మా సంగీతంతో ఒపెరా కూడా రాయొచ్చు అన్నాడు. 1903లో మొదటి ఒపెరా 'ఎ గెస్ట్ ఆఫ్ ఆనర్' ఆడించాడు. 1901లో బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి నాయకుడిని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిచినప్పుడు దేశంలో పుట్టిన గగ్గోలు దానికి నేపథ్యం. ఒకే బల్ల దగ్గర కలిసి తిన్నందుకు గొడవ. సహపంక్తి భోజనం ఎంత పెద్ద రాజకీయమో మనకు చెప్పనక్కర్లేదు. ఆ ఒపెరా రాతప్రతి పోయింది. ఇప్పటిదాకా దొరకలేదు.

హార్లెం, 1915

జాప్లిన్ 1907లో న్యూయార్క్ చేరాడు. 1911లో ట్రీమోనిషా పుస్తకం వచ్చాక ఒక సంగీత పత్రిక మెచ్చుకుంటూ రాసింది. కానీ పెట్టుబడి పెట్టేవాడు దొరకలేదు. చివరికి 1915లో హార్లెంలో తానే గాయకులను కూడగట్టి ఒక ప్రదర్శన చేశాడు. తెరలు లేవు, వేషాలు లేవు, వాద్య బృందం లేదు. బృందం వాయించాల్సినదంతా పియానో మీద జాప్లిన్ ఒక్కడే వాయించాడు. వచ్చిన కొద్దిమందీ మెచ్చలేదు. పల్లెలో పత్తి ఏరిన రోజులను మరచిపోవాలని నగరానికి వచ్చినవాళ్లకు మళ్లీ అదే పత్తిచేను చూపించడం రుచించలేదని కొందరు పరిశోధకులు అంటారు. ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకోలేదు. జబ్బు ముదిరి, 1917 ఏప్రిల్ 1న ఆస్పత్రిలో చనిపోయాడు. పేరు చెక్కిన రాయి కూడా లేని సమాధి. రాయి పెట్టింది 1974లో.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అదే 1915లో, హార్లెం పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయంలో 24 ఏళ్ల భీంరావ్ అంబేడ్కర్ చదువుకుంటున్నారు. 1913లో వచ్చి, 1916 మేలో భారతదేశంలో కులాల మీద తన వ్యాసం చదివి, ఆ ఏడే లండన్ వెళ్లారు. ఆయన జాప్లిన్ పాట విన్నారని ఎవరూ చెప్పలేరు. కానీ ఒకే నగరంలో, నడిచిపోయే దూరంలో, ఇద్దరు మనుషులు ఒకే పని మీద ఉన్నారు. పుట్టుకతో మనిషి విలువ కట్టే వ్యవస్థను ఒకరు వ్యాసంలో విప్పుతుంటే, దాని నుంచి బయటపడ్డ బిడ్డ ఎలా నడవాలో మరొకరు పాటలో కడుతున్నారు.

ఈ రెండు పోరాటాల మధ్య పలకరింపులు అంతకుముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. జోతిబా ఫూలే 1873లో 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వాన్ని రద్దు చేయడానికి పూనుకున్న అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. 1946లో అంబేడ్కర్ నల్లజాతి మేధావి డు బోయ్‌కు ఉత్తరం రాశారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టినప్పుడు, ఆ పేరు బ్లాక్ పాంథర్స్ నుంచి వచ్చింది.

మళ్లీ లేచిన పాట

ట్రీమోనిషా కూడా 1972లోనే లేచి నిలబడింది. 1970లలో జాప్లిన్ పియానో రచనలు మళ్లీ రికార్డులుగా వచ్చాయి, ఆయన రచనలన్నీ కలిపి గ్రంథాలయం పూనికతో అచ్చయ్యాయి. 1972 జనవరిలో అట్లాంటా నగరంలో మోర్‌హౌస్ కాలేజీ, అట్లాంటా సింఫనీ కలిసి ట్రీమోనిషాను మొదటిసారి పూర్తి వాద్య బృందంతో రంగస్థలం ఎక్కించాయి. మోర్‌హౌస్ నల్లజాతి విద్యార్థుల కాలేజీ, మార్టిన్ లూథర్ కింగ్ చదివింది అక్కడే. జాప్లిన్ రాసిన వాద్య బృంద ప్రతి అప్పటికే మిగల్లేదు కాబట్టి టి. జె. ఆండర్సన్ అనే నల్లజాతి స్వరకర్త ఆ భాగాన్ని కొత్తగా రాశారు. నృత్యం, దర్శకత్వం కేథరిన్ డనమ్‌వి.

మూడేళ్ల తర్వాత హ్యూస్టన్ ప్రదర్శన. ఈసారి వాద్య రచన గుంథర్ షుల్లర్‌ది. ట్రీమోనిషాగా కార్మెన్ బాల్త్రాప్, మోనిషాగా బెట్టీ ఆలెన్, నెడ్‌గా విల్లర్డ్ వైట్ పాడారు. అది అదే ఏడు న్యూయార్క్ బ్రాడ్‌వేకు వెళ్లింది, రికార్డు కూడా వచ్చింది. 1976లో పులిట్జర్ కమిటీ జాప్లిన్‌కు ప్రత్యేక పురస్కారం ఇచ్చింది, చనిపోయిన 59 ఏళ్లకు. 2023లో సెయింట్ లూయిస్ ఒపెరా థియేటర్ కూడా దీన్ని కొత్తగా ఆడింది. డామియన్ స్నీడ్ సంగీతంతో, కేరెన్ చిల్టన్ మాటలతో ముందూ వెనకా కొత్త ఘట్టాలు చేర్చి, పెళ్లయిన కొద్ది వారాలకే చనిపోయిన జాప్లిన్ భార్య ఫ్రెడీ కథను అందులో కలిపారు.

గమనించాల్సింది ఒకటుంది. ఈ నాటకాన్ని బతికించింది న్యూయార్క్‌లోని పెద్ద ఒపెరా భవనం కాదు. ఒక నల్లజాతి కాలేజీ, రెండు మూడు ప్రాంతీయ సంస్థలు.

మనల్ని ఇబ్బంది పెట్టే చోట్లు

పొగిడి ఊరుకుంటే ఈ నాటకానికి న్యాయం చేసినట్టు కాదు. ఇందులో మనకు గుచ్చుకునే చోట్లు నాలుగున్నాయి.

మొదటిది, శత్రువు ఎవరు అన్నది. నాటకంలో తెల్లదొర కనిపించడు. బానిసత్వం పోయినా భూమి రాలేదు, కూలి బతుకు మారలేదు. 1884 నాటికి దక్షిణాదిలో నల్లవాళ్ల మీద హత్యలు, బెదిరింపులు సాగుతూనే ఉన్నాయి. అవేవీ ఇందులో లేవు. కష్టాలన్నిటికీ మూలం అజ్ఞానం, మూఢనమ్మకం అన్నట్టు ఉంటుంది. చదువుకుని, కష్టపడి, మర్యాదగా బతికితే లోకం గౌరవిస్తుందని చెప్పిన బుకర్ టి. వాషింగ్టన్ ఆలోచనకు ఇది దగ్గర. హక్కుల కోసం కొట్లాడకుండా చదువు ఒక్కటే సరిపోదని డు బోయ్ అదే కాలంలో వాదించారు. ఈ వాదన మన దగ్గరా ఉంది. మీరు తాగుడు మానండి, శుభ్రంగా ఉండండి, చదువుకోండి, కులం దానంతటదే పోతుంది అనే సలహా మనం వినని రోజు లేదు. చదువుతో పాటు సంఘటితం కావడం, పోరాడటం కూడా ఉండాలని అంబేడ్కర్ కలిపి చెప్పింది అందుకే. విశ్వవిద్యాలయాల దాకా వెళ్లిన మన పిల్లలకు అక్కడ ఎదురైన వెలి చూశాక, చదువు కులాన్ని తుడిచేస్తుందని ఎవరూ అనలేరు.

అయితే ఇంకో వైపూ చూడాలి. దొర లేని కథ రాయడంలోనూ ఒక ధీమా ఉంది. మా కథలో మా మంచిచెడ్డలు మేమే తేల్చుకుంటాం, ప్రతి కథలో మీరు ఉండనక్కర్లేదు అని చెప్పినట్టు. మన కథలన్నీ అగ్రకులాల దాడితోనే మొదలై దాంతోనే ముగియాలా అని మన రచయితలు కూడా అడుగుతున్నారు కదా.

రెండోది, మూఢనమ్మకం. అడవిలోని మంత్రగాళ్లు నాటకంలో దుర్మార్గులు. కానీ ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న మూలికావైద్యం, తాయెత్తులు, నమ్మకాలు బానిసల కాలంలో ఒక ఆసరా కూడా. దొర కొరడా కింద ఉన్నవాడికి ధైర్యమిచ్చినవి కూడా అవే. 2023లో టొరంటోలో నల్లజాతి మహిళలు ముందుండి ఈ ఒపెరాను తిరగరాసినప్పుడు అడవివాళ్లను ఒట్టి మోసగాళ్లుగా చూపడానికి ఒప్పుకోలేదు. మన దగ్గర ఈ సంగతి ఇంకా సున్నితం. ఎల్లమ్మ, పోచమ్మ మన తల్లులు. అదే ఎల్లమ్మ పేరు చెప్పి మాదిగ, మాల ఆడపిల్లలను జోగినులను చేశారు. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం తేవాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి, జోగిని ఆచారం మీదా మూఢనమ్మకాల మీదా పనిచేసింది జాప్లిన్ కాలంలోనే. ఆయన కూడా కళనే ఆయుధం చేసుకున్నారు. తల్లిని కాదనకుండా, తల్లి పేరు మీద జరిగే దోపిడీని కాదనడం ఎలాగో మనం నేర్చుకున్నది అలాంటివాళ్ల దగ్గరే.

ఇంకో జాగ్రత్త కూడా. నాటకంలో మంత్రగాళ్లకు జనాన్ని భయపెట్టే బలం ఉంది. మన ఊళ్లలో బాణామతి, చేతబడి చేశారని చెట్టుకు కట్టేసి కొట్టేది, పళ్లు ఊడగొట్టేది, చంపేది తరచూ పేదవాళ్లనే, ఒంటరి ఆడవాళ్లనే, దళితులనూ ఆదివాసులనూ. ఈ కథను తెలుగులో ఆడాలనుకునేవాళ్లు ఆ తేడా మరిస్తే అది తప్పుడు చేతిలో పడుతుంది.

మూడోది, భాష. ట్రీమోనిషా, రీమస్ పుస్తకాల ఇంగ్లీషులో పాడతారు. తల్లిదండ్రులు, వాడవాళ్లు నల్లజాతి యాసలో పాడతారు. చదువుకుంటే మాట మారాలి అన్నది అందులోని సూచన. మన హాస్టల్ పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు నాలుక మీద జరిగే యుద్ధం ఇదే. అయితే సంగీతం వేరే మాట చెబుతుంది. ఈ ఒపెరాలో జనం గుండెల్లో నిలిచినవి యాసలో ఉన్న కూలిపాట, ఆటపాట, చివరి నాట్యం. జాప్లిన్ మాటలు రాసేటప్పుడు బడి వైపు మొగ్గాడు, బాణీ కట్టేటప్పుడు వాడ వైపు ఉన్నాడు.

నాలుగోది, క్షమ. ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది. తనను చంపబోయినవాళ్లను ట్రీమోనిషా వదిలేయమంటుంది. మన అనుభవంలో క్షమ అనే మాటకు వేరే అర్థం ఉంది. దాడి జరిగాక ఊరి పెద్దలు వస్తారు, కేసు వెనక్కి తీసుకోమంటారు, కలిసి బతకాల్సినవాళ్లం కదా అంటారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద పెట్టిన కేసులు ఇలాంటి రాజీల్లో ఎన్ని నీరుగారిపోయాయో కార్యకర్తలకు తెలుసు. ట్రీమోనిషా క్షమ అది కాదు. ఆమె ముందున్నవాళ్లు ఆమె వాడవాళ్లే, ఆమెకన్నా పై మెట్టు మీద లేరు. వాళ్లను పట్టుకుని జనం ముందు నిలబెట్టాకే, శిక్షించే బలం తన చేతిలో ఉన్నప్పుడే ఆమె వదిలింది. బలం ఉన్నవాడు బలం లేనివాడిని క్షమించమని అడిగితే అది రాజీ. సమానులు తమలో తాము తేల్చుకుంటే అది న్యాయం. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ తేడా కూడా చెప్పాలి.

ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న

మగవాళ్లు నా మాట వింటారా అని ట్రీమోనిషా అడిగిన ప్రశ్న 1911లో అచ్చయింది. అమెరికాలో దేశమంతటా ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1920లో. దక్షిణాదిలో నల్లజాతి ఆడవాళ్లు నిజంగా ఓటు వేయగలగడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. మన ఉద్యమ సంఘాల సమావేశాల్లో వేదిక మీద ఎంతమంది మహిళలు కూర్చుంటున్నారో ఒకసారి లెక్కపెడితే ఆ ప్రశ్న ఇంకా పాతబడలేదని తెలుస్తుంది.

ట్రీమోనిషా కల్పన. మనకు నిజమైన ట్రీమోనిషా ఉంది. పుణెలో ఫూలే దంపతులు నడిపిన బడిలో చదువుకున్న మాంగ్ కులపు అమ్మాయి ముక్తాబాయి సాళ్వే. మన మాదిగ వాడకు దగ్గరి చుట్టం లాంటి కులం అది. 1855లో, దాదాపు 14 ఏళ్ల వయసులో, మాంగ్, మహర్ల దుఃఖం మీద ఆమె రాసిన వ్యాసం పత్రికలో అచ్చయింది. కథలో ట్రీమోనిషా చెట్టు కింద దొరకడానికి 11 ఏళ్ల ముందు. జాప్లిన్ ఊహించిన అమ్మాయి మన దగ్గర అప్పటికే కలం పట్టుకుని ఉంది. ఆమె పేరు మీద మన పిల్లలు చూసే నాటకం మాత్రం ఇంకా వాడవాడకీ రాలేదు.

మన పిల్లలకు మన ఆట

మన పిల్లలకు బడిలో, టీవీలో దొరికే కథల్లో రాజులు, రాకుమార్తెలు, పేద బ్రాహ్మణులు ఉంటారు. దళిత పిల్ల నాయిక అయిన కథ, అదీ ఏడిపించకుండా, భయపెట్టకుండా, ఆటపాటలతో సాగే కథ ఎన్ని ఉన్నాయి? దాడుల గురించి పిల్లలకు తెలియాల్సిందే. కానీ నవ్వే హక్కు కూడా వాళ్లకుంది. దిష్టిబొమ్మ వేషం చూసి మంత్రగాళ్లు పరుగు తీస్తుంటే చప్పట్లు కొట్టే హక్కు ఉంది. జాప్లిన్ ఇచ్చింది అదే.

మనకు కొత్తగా కళను దిగుమతి చేసుకోవాల్సిన అవసరం లేదు. చిందు మేళాలు ఇంకా ఉన్నాయి. చిందు ఎల్లమ్మ ఆడవాళ్లు వేదిక మీద ఏం చేయగలరో ఒక తరానికి చూపించి 2005లో వెళ్లిపోయింది. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. బిరుదులు వచ్చినా మేళాలకు ఆటలు తగ్గిపోతున్నాయి. పాత ఆటలు వయసు మళ్లిన కళాకారుల గొంతుల్లో ఉన్నాయి. జాప్లిన్ మొదటి ఒపెరా ఎలా పోయిందో, రెండో దాని వాద్య ప్రతి ఎలా పోయిందో చూశాం. రెండో దాని పుస్తకం అచ్చులో ఉంది కాబట్టే 60 ఏళ్ల తర్వాత దానికి మళ్లీ ప్రాణం పోయగలిగారు. మన మేళాల దగ్గర ఉన్నది రాసుకోవడం, రికార్డు చేయడం ఈ తరం విద్యార్థులు చేయగలిగిన పని. దానికి పెద్ద నిధులు అక్కర్లేదు. ఫోను, ఓపిక, ఆ పెద్దల పట్ల గౌరవం చాలు. రికార్డు చేసినదాని మీద హక్కు ఆ మేళానిదే అని ముందే ఒప్పుకోవడం కూడా.

ఇంకో మాట. జాప్లిన్ 1911లో అచ్చు వేసిన ట్రీమోనిషా ప్రతి మీద ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు. ఎవరైనా తీసుకుని తమ భాషలోకి మార్చి ఆడుకోవచ్చు. తర్వాతివాళ్లు రాసిన వాద్య భాగాలకు మాత్రం అనుమతి కావాలి. పియానో బదులు హార్మోనియం, డోలు బదులు డప్పు పెట్టుకుంటే ఆ అనుమతితో కూడా పనిలేదు. మొక్కజొన్న పొట్టు తీసే పాట మన చేలల్లో కొత్తది కాదు, పత్తి ఏరే పాట అసలే కాదు. ఏప్రిల్ నెల జయంతి ఉత్సవాల్లో ఉపన్యాసాలు అయిపోయాక పిల్లలు ఆడటానికి ఒక గంట నాటకం కావాలని ఏ హాస్టల్ విద్యార్థులైనా వెతుక్కుంటుంటే, ఇది చూడండి. పైన చెప్పిన నాలుగు చోట్లా ఆగి, మనకు తగ్గట్టు తిరగరాసుకుని ఆడండి. ట్రీమోనిషా పేరు తీసి ముక్త అని పెట్టినా జాప్లిన్ ఏమీ అనుకోడు.